మొహం చూసి మోసపోకండి: మనిషి మనసైనా, మూగజీవి మనసైనా కనిపెట్టడం ఎలా?

“మొహం చూస్తే తెలిసిపోదా ఏంటి!” అని మనలో చాలామందికి ఒక ధీమా. ఆ ధీమాను కాస్త పక్కన పెట్టమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

2012లో హిల్లెల్ అవియేజర్ అనే ఇజ్రాయెల్ పరిశోధకుడు, మరో ఇద్దరు కలిసి టెన్నిస్ ఆటగాళ్ల ఫొటోలతో ఒక పరీక్ష పెట్టారు. కీలకమైన పాయింటు గెలిచిన క్షణంలో తీసినవి కొన్ని, ఓడిన క్షణంలో తీసినవి కొన్ని. మొహం మాత్రమే కత్తిరించి చూపిస్తే, గెలిచిందెవరో ఓడిందెవరో జనం చెప్పలేకపోయారు. మొహం తీసేసి ఒళ్లు మాత్రమే చూపిస్తే ఇట్టే చెప్పేశారు. గెలిచినవాడి మొహాన్ని ఓడినవాడి ఒంటికి అతికిస్తే అది ఓడిన మొహంలాగే కనిపించింది. అసలు తమాషా ఏమిటంటే, ఫొటో మొత్తం చూసినవాళ్లు కూడా “మొహం చూసే చెప్పాం” అనుకున్నారు. చూసింది ఒంటిని, పేరు మొహానికి.

కాబట్టి ఎదుటివాళ్లకు కోపమా, భయమా, దిగులా అన్నది తెలుసుకోవాలంటే ఒక వరస ఉంది. ఉద్యోగం కోసం కొత్తగా విశాఖ వచ్చి పీజీలో ఉంటున్నా, ఇక్కడే పుట్టి పెరిగినా ఇది పనికొస్తుంది. మనుషులతో మొదలుపెట్టి, బీచ్ రోడ్డు కుక్క దగ్గరికి, సింహాచలం కోతి దగ్గరికి వెళదాం.

మొదట: వాళ్ల ‘మామూలు’ ఏమిటో పట్టుకోండి

తెల్లారుతుండగా ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లండి. బోట్లు ఒడ్డుకొచ్చి, చేపలు కుప్పలు పోసి వేలంపాట మొదలయ్యేసరికి, కొత్తవాళ్లకు అక్కడ అందరూ కొట్టుకుంటున్నట్టే ఉంటుంది. ఎవరూ కొట్టుకోవడం లేదు. అంత హోరులో అలా అరిస్తేగానీ ధర వినబడదు. అక్కడ అరుపు మామూలు. గమనించాల్సింది అరుపును కాదు. ఇంతసేపూ గట్టిగా బేరమాడిన ఆవిడ ఒక్కసారిగా మాట మానేసి, గంపను తన వైపు లాక్కుని, ఇంకోవైపు చూస్తోందనుకోండి. అదిగో, అక్కడ ఏదో జరిగింది.

మన ఉత్తరాంధ్ర మాట కూడా ఇలాంటిదే. “ఏటి?” అని ఒకరు అడిగితే హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకు విసుక్కున్నట్టు అనిపించవచ్చు. ఇక్కడ అది ఉత్త ప్రశ్న. వినేవాళ్ల చెవికి అలవాటు లేక గరుకుగా తోస్తుంది తప్ప, అనేవాళ్ల మనసులో విసుగేమీ ఉండదు.

చేయాల్సిన పని: కొత్త మనిషి ఎవరైనా సరే, ఆఫీసులో పక్క సీటు ఆయన కావచ్చు, పీజీలో రూమ్మేట్ కావచ్చు, మొదట్లో ఏ తీర్పూ ఇవ్వకుండా కొన్నాళ్లు ఊరికే చూడండి. మాట వేగం ఎంత? మాట్లాడేటప్పుడు చేతులు ఊరికే ఉంటాయా, ఆడుతుంటాయా? టీకి ఎవరితో వెళతారు? పొద్దున్న రాగానే పలకరిస్తారా, పది దాటాకే మాట పెగులుతుందా? ఇవి తెలిస్తే చాలు. ఎప్పుడూ సీరియస్‌గా ఉండే మనిషి సీరియస్‌గా ఉంటే అందులో వార్త లేదు. రోజూ లొడలొడా మాట్లాడే మనిషి ఈ రోజు తలూపి ఊరుకున్నాడంటే, అది వార్త. మీరు చదవాల్సింది మొహాన్ని కాదు, మార్పును.

మొహంలో ఏం చూడాలంటే

మొహాన్ని పూర్తిగా వదిలేయమనడం లేదు. 1862లోనే దుషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు నవ్వు గురించి ఒక మాట చెప్పాడు. పెదవుల మూలలను పైకి లాగే కండరం మనం చెప్పినట్టు వింటుంది, కళ్ల చుట్టూ ఉండే కండరం అంత తేలిగ్గా వినదు అని. అందుకే కళ్ల పక్కన ముడతలు పడని నవ్వు మర్యాద నవ్వు. జగదాంబ దగ్గర చీరల షాపులో, నలభై చీరలు విప్పించి “మళ్లీ వస్తాం” అని లేచినప్పుడు సేల్స్‌మన్ నవ్వే నవ్వు చూడండి, తేడా తెలుస్తుంది. అయితే దీన్ని పట్టుకుని అందరి మీదా పరీక్షలు పెట్టకండి. కళ్లతో సహా నవ్వు నటించగలిగేవాళ్లు చాలామందే ఉన్నారని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

కళ్ల విషయంలో ఇంకో ముచ్చట. మెదడులో అమిగ్డాలా అనే భాగం రెండు వైపులా దెబ్బతిన్న ఒక మహిళ గురించి మెదడు శాస్త్రవేత్తలు చాలా రాశారు. ఆవిడ అసలు పేరు బయటపెట్టకుండా ఎస్.ఎం. అంటారు. ఎదుటివారి మొహంలో భయం ఆవిడకు తెలిసేది కాదు. 2005లో రాల్ఫ్ అడాల్ఫ్స్ బృందం కారణం కనిపెట్టింది. ఆవిడ చూపు ఎదుటివారి కళ్ల మీదికి దానంతట అది వెళ్లడం లేదు. “కళ్లు చూడండి” అని చెబితే భయాన్ని గుర్తుపట్టగలిగింది. చెప్పడం ఆపేస్తే మళ్లీ మొదటికే. సంతోషం నోటి దగ్గర ఎక్కువగా కనిపిస్తే, భయం కళ్ల దగ్గర కనిపిస్తుంది. ఫోన్‌లో తల పెట్టి “ఊఁ, చెప్పు” అనే మనందరికీ ఇందులో ఒక చురక ఉంది.

కానీ కళ్లలోకి గుచ్చి చూడకండి. పెద్దవాళ్లు మందలిస్తుంటే మన ఇళ్లలో పిల్లలు తల దించుకుంటారు. అది గౌరవం, తప్పు చేసిన గుర్తు కాదు. “కళ్లు కలపలేదంటే అబద్ధం చెబుతున్నట్టే” అని పోలీసు సినిమాల్లో చెప్పే సూత్రం ఇక్కడ అసలు పనిచేయదు. ఆ మాటకొస్తే అబద్ధాలు పట్టడంలో మన తెలివి అంతంతమాత్రం. వందల పరీక్షల ఫలితాలను కలిపి 2006లో లెక్క తీస్తే, నిజమో అబద్ధమో సరిగ్గా చెప్పినవి సగటున 54 శాతం. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది.

భావాలన్నీ మొహాన ఒకేలా పలుకుతాయా అన్న దాని మీద శాస్త్రవేత్తల మధ్యే గొడవ ఉంది. పాల్ ఎక్‌మన్ 1960ల చివర్లో న్యూగినీ కొండల్లో బయటి ప్రపంచంతో పెద్దగా సంబంధం లేని ఫోరే ప్రజలకు ఫొటోలు చూపించి, కోపం, భయం, సంతోషం లాంటివి ప్రపంచమంతా ఒకేలా ఉంటాయన్నాడు. లీసా ఫెల్డ్‌మన్ బారెట్, ఆమె సహచరులు 2019లో పాత పరిశోధనలన్నీ తిరగేసి, అంత సీన్ లేదన్నారు. కోపం వచ్చినప్పుడు మనుషులు కనుబొమలు ముడివేసేది సుమారు 30 శాతం సార్లేనట. మిగతా సార్లు కోపంలో నవ్వేవాళ్లు, ఏడ్చేవాళ్లు, ఏమీ ఎరగనట్టు ఉండేవాళ్లు. మీ పెదనాన్నగారిని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కోపం ఎక్కువయ్యేకొద్దీ గొంతు తగ్గిపోయే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు.

తర్వాత మెడ కిందికి దిగండి

ఇక్కడ మనకు చేతిలో ఒక పాత జాబితా ఉంది. కూచిపూడి నేర్చుకునే పిల్లలెవరైనా మీ ఇంట్లో ఉంటే అష్ట సాత్త్విక భావాలు చెప్పమనండి, గుక్క తిప్పుకోకుండా చెబుతారు. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభంగం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. అంటే కొయ్యబారిపోవడం, చెమట పట్టడం, ఒళ్లు గగుర్పొడవడం, గొంతు మారడం, వణుకు, రంగు తేలిపోవడం, కన్నీరు, స్పృహ తప్పడం. నాట్యశాస్త్రం ఏడో అధ్యాయంలో ఉన్న ఈ ఎనిమిదీ చూస్తే, ఈనాటి డాక్టర్లు చెప్పే స్వయంచాలిత నాడీవ్యవస్థ పనులు దాదాపుగా ఇవే. మన ఇష్టంతో సంబంధం లేకుండా గుండె వేగాన్ని, చెమటను, రక్తం ప్రవాహాన్ని నడిపించే వ్యవస్థ అది. అందుకే చేతులు, కనుబొమలు ఎలా తిప్పాలో గురువు నేర్పగలరు గానీ, వైవర్ణ్యం నేర్పడం కష్టం.

ఈ జాబితాను ఎలా వాడాలి? ఈ గుర్తులు ‘లోపల ఏదో గట్టిగా జరుగుతోంది’ అని చెబుతాయి. ఏం జరుగుతోందో చెప్పవు. ఆ సంగతి నాట్యశాస్త్రమే ఒప్పుకుంటుంది. కన్నీళ్లు సంతోషానికీ వస్తాయి, దుఃఖానికీ వస్తాయి, పొగకూ వస్తాయి అంటుంది. చెమట కోపం వల్లా, భయం వల్లా, సిగ్గు వల్లా, ఎండ వల్లా పడుతుందంటుంది. ఆ చివరిది మన ఊరికి మరీ ముఖ్యం. మే నెలలో విశాఖలో చెమటను లెక్కలోకి తీసుకోకండి. సముద్రం గాలిలోని తేమకు ఇక్కడ పెళ్లికొడుకూ తడుస్తాడు, పురోహితుడూ తడుస్తాడు.

మీరు చూడాల్సినవి ఇవి. భుజాలు చెవుల వైపు బిగుసుకున్నాయా? చేతులు ఏం చేస్తున్నాయి? పెన్ను నొక్కడం, కొంగు మెలిపెట్టడం, మెడ రుద్దుకోవడం మామూలు కంటే ఎక్కువయ్యాయా? కోతుల్లో కూడా ఆందోళన పెరిగితే ఒళ్లు గోక్కోవడం పెరుగుతుంది, మనం మరీ దూరపు చుట్టాలం కాదు. ఊపిరి పైపైనే ఆడుతోందా? ముఖ్యంగా, కదలిక ఆగిపోయిందా? భయపడిన మనిషి పరుగెత్తుతాడని అనుకుంటాం. చాలాసార్లు ముందు బిగుసుకుపోతాడు. ఇంటర్వ్యూ గది బయట కుర్చీలో నిటారుగా, ఫైలు మీద రెండు చేతులూ పెట్టి కదలకుండా కూర్చున్న కుర్రాడిని ‘ఎంత కాన్ఫిడెంట్‌గా ఉన్నాడో’ అనుకునేరు. వాడు టెన్షన్‌తో చచ్చిపోతున్నాడేమో.

చేతులు కట్టుకుంటే మనసు మూసుకున్నట్టు, ముక్కు తాకితే అబద్ధమన్నట్టు అని వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో చెప్పేవి నమ్మకండి. ఏసీ ఎక్కువైనా చేతులు కట్టుకుంటారు. అదే క్లాసుల్లో ‘మాటకు 7 శాతం, గొంతుకు 38, మొహానికి 55’ అనే లెక్క కూడా వినిపిస్తుంది. అది ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన చిన్న ప్రయోగాల లెక్క. ఒక్కొక్క పదం పలికించి, ఇష్టమో అయిష్టమో చెప్పమన్న ప్రయోగాలవి. మొత్తం మాటామంతికి దాన్ని అంటగట్టొద్దని ఆయనే చెప్పాడు.

ఫోన్ అయితే కెమెరా ఆపండి

ఇది చదవగానే ఎదురు చెప్పాలనిపిస్తుంది. మొహం కనిపిస్తే ఇంకా బాగా తెలుస్తుంది కదా అని. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మైకేల్ క్రాస్ 2017లో అయిదు ప్రయోగాల ఫలితాలు ప్రచురించాడు. గొంతు మాత్రమే విన్నవాళ్లు, గొంతుతో పాటు మనిషిని కూడా చూసినవాళ్ల కంటే ఎదుటివారి భావాన్ని సరిగ్గా పట్టుకున్నారు. మొహాన్ని అదుపులో పెట్టుకోవడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటు. గొంతును అదుపులో పెట్టడం అంత సులువు కాదు. చూసేవాళ్ల ధ్యాస కూడా రెండు చోట్లకు చీలుతుంది. వీడియో కాల్‌లో మన ధ్యాస మూడో చోటికి, మన మొహం మీదికే పోతుందనుకోండి, అది వేరే సంగతి.

నర్సీపట్నంలోనో పలాసలోనో అమ్మ ఒక్కతే ఉంటుంది, మీరు మద్దిలపాలెంలో గది తీసుకుని ఉంటున్నారు. మామూలు రోజు ఇలా ఉంటుంది:

“తిన్నావా అమ్మా?”

“ఆఁ, ఇప్పుడే తిన్నాన్రా. వంకాయ వేపుడు చేశాను, కారం కాస్త ఎక్కువైపోనాది. నువ్వేటి తిన్నావు?”

ఇంకో రోజు:

“తిన్నావా అమ్మా?”

“ఆఁ, తిన్నాను.”

రెండుచోట్లా జవాబు ఒకటే. రెండోసారి వంకాయ లేదు, కారం లేదు, ‘నువ్వేటి తిన్నావు’ అన్న ఎదురు ప్రశ్న లేదు. ‘రా’ కూడా పోయింది. మనసు బాగోలేనప్పుడు మనిషి మాటల్లో మొదట రాలిపోయేవి ఇలాంటి అక్కర్లేని వివరాలే.

అప్పుడేం చేయాలి? “ఒంట్లో బాలేదా? ఎందుకలా ఉన్నావు?” అని మీద పడితే “అదేం లేదు” అనే వస్తుంది. పిల్లలకు టెన్షన్ పెట్టకూడదని తల్లులందరూ చేసే పనే అది. కాబట్టి జవాబులో వివరం అవసరమయ్యే ప్రశ్న వేయండి. కూరేం చేశావు, పొద్దున్న ఎవరొచ్చారు, పక్కింటి అత్తయ్య ఊర్నుంచి వచ్చేసిందా. ఆవిడ ఆగితే మీరూ ఆగండి. ఆ ఖాళీని మీ ఆఫీసు కబుర్లతో నింపేయకండి.

ముందు ఏం జరిగిందో తెలియకుండా తీర్పు వద్దు

దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. అప్పగింతల్లో పెళ్లికూతురు కన్నీళ్లూ, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వార్డు బయట మెట్ల మీద కూర్చున్న మనిషి కన్నీళ్లూ ఫొటో తీస్తే ఒకేలా ఉంటాయి. చుట్టూ ఏముందో, అయిదు నిమిషాల కిందట ఏమైందో తెలిస్తేనే వాటికి అర్థం. మీ బాస్ మీ మీద విసుక్కున్నాడా? ఆ ముందు ఫోన్‌లో ఎవరితో మాట్లాడాడో గుర్తు తెచ్చుకోండి. ఆ విసుగు మీ దగ్గరికి వచ్చింది గానీ, మీ మీద పుట్టింది కాకపోవచ్చు.

అడగండి

ఇంత చూశాక కూడా మీ దగ్గర ఉన్నది ఊహే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ‘వాళ్ల స్థానంలో ఉండి ఆలోచించు’ అని చిన్నప్పటి నుంచి వింటాం. తాల్ ఎయాల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన పరిశోధనలో 25 ప్రయోగాలున్నాయి. ఎదుటివారి స్థానంలో తమను ఊహించుకున్నవాళ్లు వాళ్ల మనసును ఇంకా బాగా ఏమీ చెప్పలేకపోయారు, భార్యాభర్తలతో సహా. నేరుగా మాట్లాడి తెలుసుకున్నవాళ్లు మాత్రం చెప్పగలిగారు. వాళ్ల స్థానంలో మనల్ని పెట్టుకుంటే అక్కడ కూర్చునేది మనమే కదా, వాళ్లు కాదు.

అడగడానికి ఒక పద్ధతి ఉంది. భావానికి పేరు మీరు పెట్టకండి. “కోపం వచ్చిందా?” అంటే, రానివాళ్లకు కూడా వస్తుంది. మీరు చూసిన మార్పును మాత్రం చెప్పి వదిలేయండి. “గురూ, మీటింగ్ దగ్గర్నుంచీ నువ్వు మాట్లాడటం లేదు. ఏమైనా అయిందా?” అంతే. పెద్దవాళ్లయితే, “ఏవండీ, పొద్దుటి నుంచీ పేపరు కూడా తీయలేదు, ఏమైనా ఆలోచిస్తున్నారా?” పదిమందిలో అడగొద్దు. బీచ్ రోడ్డు మీద పక్కపక్కనే నడుస్తూ అడిగితే, ఎదురెదురుగా కూర్చుని అడిగిన దానికంటే తేలిగ్గా మాట వస్తుంది. చేతిలో మురీ మిక్చర్ పొట్లం ఉంటే మరీ మంచిది. “ఏం లేదు” అంటే నమ్మినట్టే ఊరుకోండి, కానీ “సరే, నేనిక్కడే ఉన్నా” అని ఒక్క మాట చేర్చండి. జవాబు ఆ రోజే రావాలని లేదు.

ఇక కుక్కలు

మూగజీవుల దగ్గరా ఇదే వరస. మామూలు ఏమిటో తెలుసుకోవడం, మార్పు చూడటం, ఒళ్లంతా చూడటం. 1872లో డార్విన్ మనుషులు, జంతువుల భావాల మీద రాసిన పుస్తకంలో ఒక కుక్కను వర్ణించాడు. ఎవరో కొత్త మనిషి వస్తున్నాడనుకుని ఒళ్లు బిగించి, తోక నిటారుగా లేపి, మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని నడుస్తుంది. దగ్గరికొచ్చాక చూస్తే తన యజమానే. ఆ క్షణంలోనే ఒళ్లంతా కిందికి వాలి, వంకరలు తిరిగి, తోక ఊగిపోతుంది. కోపానికీ స్నేహానికీ ఒళ్లు పూర్తిగా ఎదురెదురు ఆకారాల్లోకి మారుతుందని ఆయన అన్నాడు. ఆ వర్ణనను ఈ రోజు ఎంవీపీ కాలనీలో ఏ సందులోనైనా సరిచూసుకోవచ్చు.

తోక ఊపితే స్నేహం అనుకోవడం పెద్ద పొరపాటు. ఒళ్లంతా వదులుగా, నడుముతో సహా ఊగుతూ, నోరు కాస్త తెరిచి ఉంటే స్నేహం. తోక పైకి లేచి, చివర మాత్రం చకచకా చిన్నగా కదులుతూ, నోరు మూసుకుని, బరువంతా ముందు కాళ్ల మీద ఉంచి మిమ్మల్నే చూస్తుంటే మీరు ఆగాల్సిన సమయం. భయపడిన కుక్క గుర్తులు వేరు. తోక కాళ్ల మధ్యకు పోతుంది, చెవులు వెనక్కి వాలతాయి, కంటి పక్క తెల్లగుడ్డు కనిపిస్తుంది. ఆకలి లేకుండానే మూతి నాక్కుంటుంది, నిద్ర లేకుండానే ఆవలిస్తుంది, తల పక్కకు తిప్పుకుంటుంది. ‘పాపం భయపడింది’ అని దగ్గరికెళ్లి తల నిమరబోతే కరిచేది ఇదే. దానికి పారిపోయే దారి వదలండి.

ఇటలీ పరిశోధకులు 2007లో ఇంకా సూక్ష్మమైనది కనిపెట్టారు. యజమానిని చూసినప్పుడు కుక్క తోక దాని కుడి వైపుకు ఎక్కువగా ఊగుతుంది, కొత్తదైన బలమైన కుక్కను చూస్తే ఎడమ వైపుకు. వీధిలో మనకు ఇది కనిపించదు గానీ తోటి కుక్కలకు తెలుస్తుంది. ఎడమకు ఊగే తోక వీడియో చూసిన కుక్కల గుండె వేగం పెరిగిందని 2013లో తేల్చారు.

చెప్పు కొరికేసి తప్పు చేసినట్టు చూసే కుక్క సంగతి? 2009లో అలెగ్జాండ్రా హొరొవిట్జ్ దాన్నీ పరీక్షించింది. తినొద్దన్నది కుక్క నిజంగా తిన్నా తినకపోయినా, యజమానికి మాత్రం ‘తినేసింది’ అని చెప్పి తిట్టించింది. ఆ ‘తప్పు చేసిన చూపు’ తిట్టు మీద ఆధారపడింది, తప్పు మీద కాదు. తినకుండా బుద్ధిగా ఉండి తిట్లు తిన్న కుక్కల్లో అది ఇంకా ఎక్కువగా కనిపించింది. అది చదివింది మీ కోపాన్ని. ఇంట్లో కుక్క ఉంటే, చూపు చూసి నేరం మోపకండి.

ఎందుకంటే చదవడంలో అవి మనకంటే తక్కువేమీ కాదు. సంతోషంగా ఉన్న మొహానికీ కోపంగా ఉన్న మొహానికీ తేడాను కుక్కలకు సగం మొహంతో నేర్పి, ఎప్పుడూ చూడని మిగతా సగం చూపించినా గుర్తుపట్టాయని 2015లో వియన్నా పరిశోధకులు చూపించారు. 2022లో బెల్‌ఫాస్ట్‌లో మనుషులకు కష్టమైన లెక్కలిచ్చి, ముందూ తర్వాతా వాళ్ల చెమట, ఊపిరి గుడ్డ మీద పట్టారు. శిక్షణ ఇచ్చిన నాలుగు కుక్కలు టెన్షన్ వాసనను పదిలో తొమ్మిదిసార్లకు పైగా సరిగ్గా పట్టేశాయి.

గాజువాక వైపు నుంచి రాత్రి బి షిఫ్ట్ దిగి బండి మీద వచ్చేవాళ్లు చేయాల్సింది అందుకే తలకిందులుగా ఉంటుంది. కుక్కల గుంపు ఎదురైతే వేగం పెంచకండి, తగ్గించండి. పరుగెత్తేదాన్ని తరమడం కుక్క నైజం. అవసరమైతే బండి ఆపి, కాలు దించి, కళ్లలోకి చూడకుండా, చేతులు ఊపకుండా నిలబడండి. చాలాసార్లు ఒక నిమిషంలో వాటికి విసుగొస్తుంది. గొంతు పెంచి అదిలిస్తే, మీ కోపం కన్నా మీ భయమే దానికి ముందు చేరుతుంది.

మిగతా జీవాలు, క్లుప్తంగా

పిల్లి: హార్బర్ పిల్లుల దగ్గర ప్రయత్నించండి. దూరంగా కూర్చుని, దాని వైపు చూస్తూ కళ్లు సగం మూసి, మెల్లగా రెప్ప వేయండి. అలా చేసినప్పుడు పిల్లులు కూడా రెప్పలు మెల్లగా వాల్చాయనీ, కొత్త మనిషి దగ్గరికైనా ఎక్కువగా వచ్చాయనీ సస్సెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో రాశారు. చేతిలో కవళ్ల చేపలు ఉంటే ఈ పరీక్ష చెల్లదు.

గుర్రం: బీచ్‌లో పిల్లలను ఎక్కించే ముందు చెవులు చూడండి. చెవులు వెనక్కి తలకు అంటుకుపోయి, తోక టపటపా కొడుతూ ఉంటే ఇంకో రోజు ఎక్కించవచ్చు. కోపంగా ఉన్న మనిషి ఫొటో చూస్తే గుర్రాల గుండె వేగం పెరుగుతుందని 2016లోనూ, పొద్దున ఫొటోలో కోపంగా కనిపించిన మనిషిని కొన్ని గంటల తర్వాత మామూలు మొహంతో చూసినా గుర్తుపెట్టుకుంటాయని 2018లోనూ పరిశోధనలు వచ్చాయి. దాని ముందు నిలబడి రేటు కోసం గొడవపడకండి.

కోతి: సింహాచలం కొండ మీద జనం ఎక్కువగా పప్పులో కాలేసేది ఇక్కడే. కోతి పళ్లు చూపించిందంటే నవ్వుతున్నట్టు కాదు. పెదాలు వెనక్కి లాగి పళ్లు బయటపెట్టడం భయం, లొంగుబాటు. నోరు గుండ్రంగా తెరిచి, కనుబొమలు లేపి సూటిగా చూస్తే బెదిరింపు. మీరు తిరిగి పళ్లికిలించి కళ్లలోకి చూస్తూ సెల్ఫీ తీసుకుంటే దాని భాషలో గొడవకు పిలిచినట్టే. చూపు తప్పించి, ప్రసాదం సంచి లోపలికి పోనిచ్చి, పక్కకు నడవండి.

జంతువును అడగడం ఎలా?

మనిషినైతే మాటతో అడిగాం. ఇంటి కుక్కనో, స్నేహితుల కుక్కనో అడగాలంటే చేత్తో అడగాలి. మీరు దాని మీదికి వంగకుండా, పక్కకు తిరిగి నిలబడి, దాన్నే రానివ్వండి. వచ్చిందా, గెడ్డం కిందో ఛాతీ దగ్గరో మూడు నాలుగు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. తల మీద వద్దు. ఇప్పుడు చూడండి. అది ముందుకు జరిగి మీ చేతిని మూతితో తడితే ‘ఇంకా’ అని. అక్కడే బిగుసుకుని నిలబడినా, మొహం తిప్పుకున్నా, ఒళ్లు దులుపుకుని వెళ్లిపోయినా ‘చాలు’ అని. పిల్లలకు కుక్కలతో ఆడటం నేర్పేముందు ఈ ఒక్కటి నేర్పండి. వీధికుక్కల మీద ఈ ప్రయోగం వద్దు, తిండి పెట్టి మచ్చిక చేసుకున్నవైనా సరే.

ఇన్ని చూసుకున్నా ఒక్కోసారి పంటి గాటు పడుతుంది. గీరుకున్నా, రక్తం రాకపోయినా తేలిగ్గా తీసుకోవద్దు. పసుపు, సున్నం, కారం పెట్టకండి. కుళాయి కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకోండి, 15 నిమిషాలంటే మనం అనుకునే దానికంటే చాలా ఎక్కువసేపు. వెంటనే కేజీహెచ్‌కో దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లి రేబిస్ టీకా వేయించుకోండి. చర్మం తెగి రక్తం వస్తే, గాయం దగ్గరే వేసే ఇమ్యునోగ్లోబులిన్ అవసరమా అని డాక్టర్ని మీరే అడగండి. మొదటి సూది వేయించుకుని, కుక్క బాగానే తిరుగుతోంది కదా అని మిగతావి ఎగ్గొట్టకండి. ఆపాలో వద్దో డాక్టర్ చెప్పాలి. టీకా చీటీ మీద రాసిన తేదీలు ఫోన్‌లో అలారం పెట్టుకోండి.